పింగాణీ నుండి వెడలు ఎలక్ట్రానులు

మంజీరా తీరపు సీమలో, నిజాంసాగరు కాలువ నీటితో వరి పండించు బాన్సువాడలో, గృహిణి పొయ్యి వెలిగించుటకై గ్యాసు లైటరు మీట నొక్కినప్పుడు టక్కుమని చప్పుడగును. ఆ చప్పుడుతో బాటే లైటరు మూతికడ నీలికాంతితో నొక నిప్పురవ్వ దుముకును. ఆ సాధనమునందు బ్యాటరీ లేదు, చెకుముకిరాయి లేదు, గోడలోని కరెంటుతో దానికి సంబంధమును లేదు. బొటనవ్రేలి బలముచే బిగిసిన స్ప్రింగు ఒక్కుమ్మడిగా విడివడి చిన్న సుత్తిని తరుమగా, ఆ సుత్తి లోపల దాగియున్న కొలది మిల్లీమీటరుల పింగాణీ కడ్డీ తలపై మోదును. ఆ దెబ్బకు కడ్డీ రెండు కొనల నడుమ కొన్ని వేల వోల్టుల విద్యుత్పీడనము క్షణకాలము పుట్టి, ఎదుటనున్న లోహపు మొనకు గాలిని చీల్చుకొని రవ్వయై దాటును. సీసము, జిర్కోనియము, టైటానియము అను మూడు లోహముల ఆక్సైడులను మెత్తగా నూరి, కలిపి, అచ్చున నొక్కి, వేయి డిగ్రీలకు మించిన కొలిమిలో కాల్చి చేయు ఈ పదార్థమును శాస్త్రజ్ఞులు పి.జెడ్.టి. అందురు. ఆసుపత్రిలో గర్భిణి ఉదరముపై ఆనించు స్కానింగు సాధనపు ముఖమునందును ఈ జాతి పింగాణీయే యుండి, చెవికి వినరాని శబ్దతరంగములను తానే పుట్టించి, తిరిగివచ్చు ప్రతిధ్వనులను తానే గ్రహించి, శిశువు రూపమును తెరపై నిలుపుచున్నది.

ఇంతగా నిత్యజీవితమున చొచ్చుకొనివచ్చిన ఈ పింగాణీకి, చదువుకొన్నవారిలో సైతము పెక్కురెరుగని గుణము వేరొకటి కలదు. పలుచని బిళ్ళగా దానిని మలచి, గాలిని తోడివేసిన పాత్రలో నుంచి, దాని వెనుక ముఖముపై క్షణములో అతిసూక్ష్మభాగము మాత్రమే నిలుచు విద్యుత్ప్రేరణ నొకదానిని ప్రయోగించినచో, ఏ కొలిమియు దానిని కాల్చకయే, ఏ వెలుతురును దానిపై సోకకయే, అది తన ముందు ముఖమునుండి ఎలక్ట్రానులను శూన్యములోనికి వెదజల్లును. ఈ దృగ్విషయమును మొదట ఒక వింతగా, పిమ్మట ఒక మహదాశగా, తుదకు ఒక తీవ్రవివాదముగా భౌతికశాస్త్రజ్ఞులు నలుబది సంవత్సరములు చర్చించిరి. ఆ చర్చ వలన తేలినదేమనగా, ఒకే పేరుతో పిలువబడినవి నిజమునకు రెండు వేర్వేరు వ్యాపారములు. వానిలో పెద్దగా గర్జించినది పింగాణీ హృదయమునకు సంబంధించినది కాదనియు, మెల్లగా, కనిపించీ కనిపించక సాగునదియే దాని నిజస్వభావమును వెల్లడించుననియు నా అభిప్రాయము. అది యెట్లో క్రమముగా చెప్పెదను.

ఘనపదార్థమునందలి ఎలక్ట్రాను తనంతట తాను బయటికి రాజాలదు. లోహమునందు అది ఎంత స్వేచ్ఛగా సంచరించినను, ఉపరితలమును దాటబోవు క్షణమున లోపలి ధనావేశముల ఆకర్షణ దానిని వెనుకకు లాగుచుండును. ఆ కట్టును మీరుటకు కొంత శక్తి మూల్యముగా చెల్లింపవలసియున్నది. ఆ మూల్యమును చెల్లించు మార్గములు మూడు చిరకాలమునుండి ప్రసిద్ధములు. మొదటిది వేడి. ఎడిసన్ 1880లలో విద్యుద్దీపముపై పరిశోధించుచు గమనించినదియు, రిచర్డ్‌సన్ సూత్రబద్ధము గావించి 1928వ సంవత్సరపు నోబెల్ బహుమానమందినదియు నిదియే. టంగ్‌స్టను తీగ 2000 డిగ్రీలకు మించి కాగినగాని దానినుండి ఎలక్ట్రానులు ధారాళముగా వెడలవు. బేరియం ఆక్సైడు వంటి పూత పూసినచో 800 డిగ్రీల ప్రాంతముననే వెడలును. పాత టెలివిజను పెట్టె వెనుక, గాజుగొట్టపు మెడలో సన్నగా ఎఱ్ఱగా వెలుగుచుండినది అట్టి పూతను వేడిచేయు తీగయే. రెండవది వెలుతురు, దాని మర్మమును 1905లో ఐన్‌స్టీన్ విప్పిచెప్పెను. మూడవది సెంటీమీటరునకు కోట్ల వోల్టుల తీవ్రత గల విద్యుత్‌క్షేత్రము. అట్టి క్షేత్రమునకు లోబడినప్పుడు ఎలక్ట్రాను నడ్డగించు శక్తిప్రాకారము పలుచనై, దానిని ఎక్కి దాటవలసిన పనిలేకయే ఎలక్ట్రాను అందుండి తొలుచుకొని పోవును. ఈ మూడవ మార్గమునకు 1928లో ఫౌలరు, నార్డ్‌హైమ్ గణితమును కూర్చిరి. మన పింగాణీ ఈ మూడింటిలో దేనిని అనుసరించుననునదే ప్రశ్న.

ప్రశ్నకు సమాధానము దాని అంతర్నిర్మాణమునందున్నది. ఈ కుటుంబమునకు ఆదిపురుషుడని చెప్పదగిన బేరియం టైటనేటును తీసికొందము. దాని స్ఫటికమున ప్రతి చిన్న ఘనమునకును మూలలయందు బేరియము, మధ్య టైటానియము, ఆరు ముఖముల నడుమ ఆక్సిజను పరమాణువులు అమరియుండును. ఘనపు అంచు పొడవు సుమారు 4 ఆంగ్‌స్ట్రాములు; ఆంగ్‌స్ట్రామనగా సెంటీమీటరులో పదికోట్లవ వంతు. పదార్థము 120 డిగ్రీల సెంటిగ్రేడునకు పైబడి కాగియున్నంతవరకు టైటానియము సరిగా నట్టనడుమ నిలుచును. క్యూరీ ఉష్ణోగ్రత యనబడు ఆ మితికి దిగువగా చల్లారినదో, అది తన కేంద్రస్థానమును విడిచి ఆంగ్‌స్ట్రాములో పదియవ వంతు పాటి ప్రక్కకు ఒరుగును. ఒరుగుట యెంత స్వల్పమైనను ఫలితము స్వల్పము కాదు: ధనావేశము గల టైటానియము ఒక ప్రక్కకు జరుగుటచే ప్రతి ఘనమునకు ఒక కొన ధనముగను, వేరొక కొన ఋణముగను ఏర్పడును, పొరుగు ఘనములన్నియు ఒకదాని నొకటి అనుసరించి ఒకే దిక్కునకు ఒరుగును, స్ఫటికమంతయు బయటి ప్రేరణ ఏదియు లేకయే విద్యుత్ధ్రువణము గలదగును. బయటినుండి తగిన వోల్టేజి నిచ్చినచో టైటానియము ఎదుటి ప్రక్కకు దుమికి, ధ్రువణము తలక్రిందులగును. వోల్టేజిని తీసివేసినను ఆ క్రొత్త స్థితియే నిలుచును. ఇట్లు తిరుగజాలిన స్వయంధ్రువణము గల పదార్థములకే ఫెర్రోఎలక్ట్రిక్కులని పేరు. కొలిమినుండి వచ్చిన పింగాణీలో కోట్లకొలది సూక్ష్మకణములు, ఒక్కొక్క కణమునందు వేర్వేరు దిక్కులకు తిరిగిన డొమైనులు, అనగా ఒకే దిక్కునకు ఒరిగిన ఘనముల గుంపులు, ఉండుటచే మొత్తముమీద ధ్రువణము శూన్యము; వేడినూనెలో ముంచి, అధిక వోల్టేజి క్రింద నుంచి, ఆ డొమైనులను ఒక దిక్కునకు మరలించిన పిమ్మటనే లైటరు కడ్డీ పనికివచ్చును.

ఇప్పుడు ఉపరితలమును చూడుడు. బేరియం టైటనేటు ధ్రువణము చదరపు సెంటీమీటరునకు 26 మైక్రోకూలుంబులు. అనగా ఒక గోరంత ముఖముపై ఒక కోటి అరువది లక్షల కోట్ల ఎలక్ట్రానులకు సమానమైన ఆవేశము కట్టుబడియున్నదన్నమాట. ఇంతటి ఆవేశమునకు ప్రతిఘటన లేకుండెనేని, దాని వలని క్షేత్రము లెక్కకు సెంటీమీటరునకు కోట్ల వోల్టులను మించిపోవును. ఏ పదార్థమును దానిని భరింపజాలదు. కాని మన చేతిలోని బిళ్ళ నెవ్వరినీ కొట్టదు. ఏలయనగా గాలిలోని అయానులు, బిళ్ళలోపలి స్వేచ్ఛావేశములు, ముఖములపై పూసిన వెండిపూతలోని ఎలక్ట్రానులు వచ్చి, ధ్రువణావేశమునకు సరితూగునంతగా ఉపరితలముపై కూర్చుండి దానిని కప్పివేయును. బాన్సువాడ మార్కెట్టు యార్డులో ధాన్యము తూచు త్రాసునకు ఒక తట్టలో గుండ్లు, ఒక తట్టలో బస్తా సరితూగి ముల్లు కదలకుండ నిలిచినట్లు, లోపలి ధ్రువణమును బయటి పూరకావేశమును ఒకదానినొకటి సరిపెట్టుకొని యుండగా చూపరికి అందేమియు లేనట్లే తోచును. ఒక తట్టలోని బరువును తటాలున తీసివేసినచో రెండవ తట్ట ఏమగునో చెప్పనక్కరలేదు. ధ్రువణమును సుత్తిదెబ్బతో గాని, వేడితో గాని, వోల్టేజితో గాని హఠాత్తుగా మార్చినప్పుడు, అంతవరకు దానిని కప్పియున్న ఉపరితలపు ఎలక్ట్రానులకు ఆధారము పోవును. అవి ఒండొంటిని త్రోసికొనుచు, తమ క్షేత్రముచే తామే తరుమబడి శూన్యమునకు వెడలును. గాలియున్నచోట ఈ అసమత లైటరు రవ్వగా పరిణమించును. గాలి లేనిచోట ఎలక్ట్రానులే ప్రవాహముగా సాగును.

ఈ జ్ఞానము ఒక్కనాడు కలిగినది కాదు. సింహళమునుండి డచ్చి వర్తకులు ఐరోపాకు కొనిపోయిన తూర్మలీ రత్నము నిప్పులలో నుంచినప్పుడు బూడిదను తనవైపునకు లాగుకొనుట పదునెనిమిదవ శతాబ్దపు ఆరంభముననే వారు చూచిరి. అది విద్యుత్తు మహిమయే యని 1756లో ఏపినస్ తేల్చెను. స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు పియేరు, జాక్ కనుగొనిరి. మంజీరపై నిజాంసాగరు కట్టడము 1923లో ఆరంభమగుటకు రెండు మూడేండ్ల ముందు, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున జోసెఫ్ వలాసెక్ అను యువకుడు రొషెల్ లవణమునందు ధ్రువణము తలక్రిందులగుటను, అయస్కాంతములకు వలె దానికిని గతస్మృతి యుండుటను చూపెను. కాని రొషెల్ లవణము నీట కరుగును, కొంచెము వేడికే చెడును. దానితో యంత్రములు నిర్మించుట కష్టము.

అసలైన మలుపు రెండవ ప్రపంచయుద్ధమున వచ్చినది. ఆ మలుపునందు మన నేలకును పరోక్షమైన పాత్ర కలదు. ఆ కాలమున రేడియోలలోని కండెన్సరులకు మేలైన అభ్రకము కావలసియుండెను. ప్రపంచమునకు అభ్రకము నందించు దేశములలో హిందూదేశము అగ్రగణ్యము. బీహారు గనులతో బాటు నెల్లూరు సీమలోని గూడూరు, సైదాపురము ప్రాంతపు గనులును ఓడలకొలది అభ్రకమును పంపుచుండెను. యుద్ధముచే సముద్రమార్గములు ప్రమాదభరితములు కాగా, అభ్రకమునకు బదులైన పదార్థము కొరకు అమెరికా, రష్యా, జపాను దేశముల ప్రయోగశాలలు ఒకదాని సంగతి వేరొకటి యెరుగక వెదకి వెదకి, ఒకే కాలమున బేరియం టైటనేటును చేరుకొనినవి. అభ్రకపు విద్యుత్‌స్థిరాంకము ఆరేడుకు మించదు. ఈ క్రొత్త పింగాణీది వేయికి పైగా నుండెను. నీట కరుగనిది, కుమ్మరి విద్యతో కావలసిన ఆకృతినొందునది, చౌకయైనది. జపానులో 1950ల ఆరంభమున సీసపు జిర్కొనేటు టైటనేటు మిశ్రమములను పరిశీలించుట జరుగగా, 1954లో అమెరికాలో జాఫే, అతని సహచరులు వాని పీడనవిద్యుద్గుణము అసాధారణమని చూపిరి. నేటి లైటరు కడ్డీకి జన్మ అదియే.

ఈ చరిత్రలో తెలుగువారు ప్రేక్షకులుగా మాత్రమే యుండలేదని చెప్పుట నాకు సంతోషకరము. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, సి. వి. రామన్ శిష్యుడై, ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతియైన సూరి భగవంతము, స్ఫటికముల సౌష్ఠవమునకును వాని భౌతికగుణములకును గల సంబంధమును సమూహసిద్ధాంతమను గణితముతో నిర్ణయించుటకు తన జీవితమున అధికభాగము వెచ్చించెను. స్ఫటికములు సౌష్ఠవమునుబట్టి 32 తరగతులు. వానిలో నొక్కినచో విద్యుత్తు నీయగలవి 20. వేడిమి మారుటచే విద్యుత్తు నీయగలవి 10 మాత్రమే. ఫెర్రోఎలక్ట్రిక్కులన్నియు ఈ పదింటిలోనివే. ఏ స్ఫటికమున ఏ గుణమునకు ఎన్ని స్వతంత్రస్థిరాంకములుండునో ప్రయోగమునకు పూర్వమే లెక్కించు విధమును భగవంతము, డి. సూర్యనారాయణ 1949లో ప్రకటించిరి. ఆ విషయముపై భగవంతము రచించిన గ్రంథము 1966లో వెలువడెను.

పదార్థశాస్త్రజ్ఞుడైన ఏలేశ్వరపు చిన్న సుబ్బారావు మార్గము వేరు. ఆయన కొలిమిని నమ్మినవాడు. పిట్స్‌బర్గులోని వెస్టింగ్‌హౌస్ పరిశోధనాలయమున పనిచేయుచు 1961లో బిస్మత్ టైటనేటు ఫెర్రోఎలక్ట్రిక్కని, దాని ధ్రువణము 675 డిగ్రీల వరకు చెదరదని ప్రకటించి, మరుసటి యేడు అట్టి పొరలనిర్మాణము గల బిస్మత్ సమ్మేళనముల కుటుంబమునే లోకమునకు పరిచయము చేసెను. అందొకటియైన స్ట్రాన్షియం బిస్మత్ టాంటలేటు ముప్పదియేండ్ల తరువాత కంప్యూటరు జ్ఞాపకఫలకములలో కెక్కినది. ఆయన స్వదేశమునకు వచ్చి కాన్పూరు ఐ.ఐ.టి.లో లోహశాస్త్రమునకు పునాదులు వేసిన ఆచార్యులలో నొకడయ్యెను. పిదప పూనాలో టాటావారి పరిశోధన కేంద్రమును నడపెను. ఆ బిస్మత్ పొరల పింగాణీలనే చేపట్టి, వానిలో ఇనుమును చేర్చి, విద్యుద్గుణముతో అయస్కాంతగుణమును జోడించు విద్యపై ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగమున భీమశంకరము, ఎస్. వి. సూర్యనారాయణ, జి. ప్రసాద్ మున్నగువారు చిరకాలము కృషిచేసిరి. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమునందు పీడనవిద్యుత్పదార్థములకై ప్రత్యేకకేంద్రమే యేర్పడెను. అదే నగరమున 1969లో నెలకొన్న నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలవారి టార్పెడోలు సముద్రగర్భమున శబ్దముచే తమ లక్ష్యమును వెదకుకొనునట్టివి; ఆ శబ్దమును పుట్టించుటకును వినుటకును ఈ జాతి పింగాణీలే సాధనములు.

ఇక ఎలక్ట్రానుల కథకు వత్తము. బేరియం టైటనేటు ధ్రువణము తలక్రిందులగు సమయమున దానినుండి ఎలక్ట్రానులు వెడలుటను 1960లో మిల్లరు, సావేజ్ అను అమెరికనులు గుర్తించిరి. 1974లో రోజెన్‌బ్లూమ్, అతని సహచరులు లిథియం నయోబేటు స్ఫటికమును శూన్యమున వేడిచేయుచు, వోల్టేజి యేమియు నీయకయే ఎలక్ట్రానులను పట్టిరి. ఇవి బహుసున్నితమైన కొలతలు, ప్రవాహము అత్యల్పము, ప్రపంచము వీనిని పెద్దగా పట్టించుకొనలేదు. 1980ల చివర ఐరోపా అణుపరిశోధన సంస్థయైన సెర్న్‌లో గుండెల్, రీగె మున్నగువారు వేరొక పద్ధతి నవలంబించిరి. లాంథనము చేర్చిన పి.జెడ్.టి. బిళ్ళకు వెనుక ముఖమున నిండుగా లోహపుపూత పూసి, ముందు ముఖమున సన్నని చారలుగా లోహమును దిద్ది, చారల నడుమ పింగాణీని నగ్నముగా విడిచి, కొన్ని వేల వోల్టుల ప్రేరణను సెకనులో పదిలక్షలవ వంతునకు లోబడిన కాలముపాటు ప్రయోగించిరి. చారల సందులనుండి ఎలక్ట్రానులు ఉప్పెనగా వెడలినవి; ప్రవాహసాంద్రత చదరపు సెంటీమీటరునకు 100 ఆంపియరుల వరకు చేరినది.

ఈ సంఖ్య విని కణత్వరణయంత్రముల వారును, మైక్రోతరంగ గొట్టముల వారును ఉత్సహించుట సహజము. వేడిచేయనక్కరలేని కాథోడు (ఎలక్ట్రానులను వెదజల్లు ధ్రువము), అతినిర్మలమైన శూన్యమును కోరని కాథోడు, గాలి తగిలినను విషమెక్కినట్లు చెడిపోని కాథోడు, పైగా నాణెము ఖరీదుకు దొరకు పింగాణీ బిళ్ళ! అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున నేషన్, షాక్టర్ ప్రభృతులు దీనితో ఎలక్ట్రాను పుంజములను నిర్మించి చూచిరి. ధ్రువణము మెరుపువేగమున తిరుగుటచే పూరకావేశము ఒక్కుమ్మడి విడుదలయగుననునదే అందరును ఒప్పుకొనిన వివరణము. త్రాసుతట్ట లెగయుననుకొనిన మన ఊహయు అదియే. అది వినుటకు ఎంతో సుందరముగా నుండెను.

కాని కొలతలు క్రమముగా ఎదురుతిరిగినవి. మొదటి చిక్కు లెక్కకు సంబంధించినది: ధ్రువణము పూర్తిగా తలక్రిందులైనను విడుదల కాగలంత ఆవేశముకంటె బయటికి వచ్చిన ఆవేశము కొన్ని సందర్భములలో అధికముగా నుండెను, పెట్టెలో నున్నదానికంటె ఎక్కువ ధనమును తీయుట సాధ్యము కాదు. రెండవది వేడికి సంబంధించినది: క్యూరీ ఉష్ణోగ్రతకు పైన పింగాణీకి స్వయంధ్రువణమే యుండదు గదా, అచ్చటను ఎలక్ట్రానులు వెడలుచునే యుండెను; తిరుగుటకు ధ్రువణమే లేనిచోట తిరుగుట వలన వెడలినవనుట యెట్లు? మూడవది కంటికి కనిపించినది: బిళ్ళ ముఖమున లోహపు చారల అంచుల వెంబడి వెలుగు పుట్టుచుండెను, ఎలక్ట్రానులతో బాటు ధనఅయానులును వెడలుచుండెను, కొన్నాళ్ళకు ముఖము గుంటలుపడి అరుగుచుండెను. రష్యాలో మెస్యాత్స్, పుచ్కరేవ్ 1995లో ప్రకటించిన వ్యాసమును, ఇజ్రాయెలులో టెల్ అవీవ్, హైఫా నగరముల పరిశోధకులైన రోజెన్‌మన్, క్రాసిక్ మున్నగువారి పరిశీలనలును ఒకే వైపునకు వ్రేలు చూపినవి. లోహము, పింగాణీ, శూన్యము మూడును కలిసికొను అంచుకడ విద్యుత్‌క్షేత్రము విపరీతముగా కేంద్రీకృతమగును. పింగాణీ విద్యుత్‌స్థిరాంకము వేలలో నుండుటయే అందుకు హేతువు. అచ్చటినుండి తొలుత వెడలిన కొలది ఎలక్ట్రానులు పింగాణీ ముఖముపై ప్రాకుచు, దానికంటియున్న వాయువులను విదళించి, పలుచని ప్లాస్మాపొరను పరచును. ఆ పైన వెల్లువగా వచ్చిన ఎలక్ట్రానులన్నియు ఆ ప్లాస్మానుండి వచ్చినవేగాని పింగాణీ గర్భమునుండి వచ్చినవి కావు.

2000వ సంవత్సరమున రోజెన్‌మన్, షుర్, క్రాసిక్, డునయేవ్‌స్కీ ఈ విషయమంతటిని సమీక్షించి, రెండు వ్యాపారములను స్పష్టముగా వేరుచేసిరి. మొదటిది బలహీన ఉద్గారము: ధ్రువణము వేడిచేగాని, ఒత్తిడిచేగాని, తిరుగుటచేగాని సమస్థితినుండి చలించినప్పుడు కప్పబడక మిగిలిన ఆవేశపు క్షేత్రముచే ఎలక్ట్రానులు ప్రాకారమును తొలుచుకొని వెడలుట, ఇది ఫెర్రోఎలక్ట్రిక్ స్థితియందు మాత్రమే జరుగును. రెండవది ప్రబల ఉద్గారము: మొదటిదానికంటె లక్ష కోట్ల రెట్ల వరకు అధికమై, ప్లాస్మా సాయమున జరుగునది, దీనికి ఫెర్రోఎలక్ట్రిక్ స్థితియే యుండవలెనను నిర్బంధము లేదు. ప్రబలమైనదానికి ధ్రువణము తోడ్పడవచ్చును, ముఖముపై క్షేత్రమును పెంచి ప్లాస్మాను ముందుగా ముట్టింపవచ్చును. అంతేగాని అది ఏకైక కారణము కాదు. ఈ తీర్పునకు గుండెల్, రీగెల కృషి వ్యర్థమని అర్థము కాదు. వారి కొలతలు నిజములు, వారి కాథోడు నిజము. మారినది వివరణము మాత్రమే. సుందరమైన వివరణమును కొలతలముందు విడిచిపెట్టుట యెంత కష్టమో ఈ పదేండ్ల వాదోపవాదములను చదివినవారికి తెలియును, విడిచిపెట్టినవారి యెడ గౌరవమును కలుగును.

ప్లాస్మాచే పనిచేయు ఈ కాథోడునకు ఉపయోగములు ఉన్నవి, మితులును ఉన్నవి. అధికప్రవాహ మైక్రోతరంగజనకములకును, ప్లాస్మా స్విచ్చులను ముట్టించుటకును అది పనికివచ్చును. కాని ప్లాస్మా ముఖమును తినివేయును, పుంజము ఒక ప్రేరణనుండి వేరొక ప్రేరణకు కొంత మారుచుండును. ఇంతకుమించి దానిపై చెప్పవలసినది లేదు.

బలహీన ఉద్గారపు సంతతియే నన్ను ఆకర్షించుచున్నది. 1992లో జేమ్స్ బ్రౌన్‌రిడ్జ్ అను అమెరికన్ శాస్త్రజ్ఞుడు, పలుచని వాయువులో నుంచిన ఇట్టి స్ఫటికమును కొలది డిగ్రీలు వేడిచేసి చల్లార్చుటచేతనే ఎక్స్ కిరణములు పుట్టునని చూపెను. స్ఫటికపు ముఖముపై కప్పబడక నిలిచిన ఆవేశము వేలకొలది వోల్టులై ఎలక్ట్రానులను తరుముచుండగా, అవి ఎదుటి లోహమును తాకి ఎక్స్ కిరణములను వెలువరించును. ఆసుపత్రులలో ఎక్స్‌రే యంత్రమునకు పెద్ద ట్రాన్సుఫార్మరు, కాగు తీగ కావలసియుండగా, దీనికి చిన్న బ్యాటరీయే చాలును. అమెరికాలో అంప్‌టెక్ అను సంస్థ అరచేతిలో నిముడు అట్టి సాధనమును విక్రయించినది కూడను. దాని కిరణములు మందము, రోగి శరీరమును చిత్రించుటకు చాలవు; లోహములలో ఏ మూలకములున్నవో గుర్తించుటకు చాలును. 2005లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ శాఖలో నరాంహో, గిమ్జెవ్‌స్కీ, పుట్టర్‌మన్ అనువారు లిథియం టాంటలేటు స్ఫటికమును డ్యుటీరియం వాయువునందుంచి, శీతలస్థితినుండి మెల్లగా వెచ్చచేసి, పుట్టిన లక్షకు పైబడిన వోల్టులచే డ్యుటీరియం అయానులను డ్యుటీరియం నిండిన లక్ష్యఫలకముపైకి దుమికించి, పరమాణుకేంద్రముల సంలీనమును, దానినుండి వెడలు న్యూట్రానులను కొలిచిరి. దీనితో విద్యుత్కేంద్రము నడుపవచ్చునని వారు చెప్పలేదు. వెచ్చించిన శక్తి యెక్కడ, వచ్చిన శక్తి యెక్కడ! కాని మేజాపై నిలువదగిన ఒక స్ఫటికము, ఏ బయటి వోల్టేజియు లేక, సూర్యగర్భమున జరుగు జాతి చర్యను జరిపించెననుట సామాన్యమైన వార్త కాదు.

ఈ బలహీన ఉద్గారమునకు మరియొక విశేషము కలదు. ఏ డొమైను ఏ దిక్కునకు తిరిగియున్నదో దానినిబట్టి ఎలక్ట్రానులు వెడలుటయో మానుటయో జరుగును గనుక, వెడలిన ఎలక్ట్రానులను ఒక తెరపై పడనిచ్చినచో డొమైనుల చిత్రమే ఆ తెరపై ప్రత్యక్షమగును. ఉపరితలమున ఎలక్ట్రానులు ఏ శక్తిస్థాయిలలో చిక్కుకొనియున్నవి, ఎంతసేపు నిలుచును, వాయువులు సోకినప్పుడు ఏమి మారును అను ప్రశ్నలకు ఇంత సూటిగా సమాధానమిచ్చు పద్ధతులు కొద్ది. సీసము విషపదార్థమగుటచే ప్రపంచమంతటను పి.జెడ్.టి.కి బదులైన సీసరహిత పింగాణీల కొరకు వెదకుచున్న ఈ కాలమున, సుబ్బారావు బిస్మత్ కుటుంబపు ముఖములపై ఎలక్ట్రానులెట్లు ప్రవర్తించునో శ్రద్ధతో కొలుచుట మన విశ్వవిద్యాలయములకు తగిన పని. అందుకు కావలసినవి పింగాణీ కాల్చు కొలిమి, పాత్రలోని పీడనమును వాతావరణపీడనములో కోటియవ వంతునకు దిగువకు దింపగల శూన్యపంపు, క్రమముగా వేడిచేయు పీఠము, ఎలక్ట్రానులను లెక్కించు గ్రాహకము; వీనిలో కొలిమియు, దానిని నడపు నైపుణ్యమును ఉస్మానియాలోను, ఆంధ్ర విశ్వవిద్యాలయములోను తరతరములుగా ఉన్నవే. బాన్సువాడ విద్యార్థికి చేరువలోనే డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయమును, భిక్కనూరులో దాని దక్షిణప్రాంగణమును కలవు. ఇంటరు తరగతిలో కండెన్సరు పాఠము చెప్పు అధ్యాపకులు ఆ గంటలో పావుభాగమును ఈ పింగాణీలకు కేటాయింతురుగాక. పెద్దచదువులకు పోవు విద్యార్థులలో ఒకరిద్దరైనను పరిశోధనాంశమును ఎన్నుకొనునప్పుడు దీనిని తలచుకొందురుగాక. లైటరు పాడైనప్పుడు లోపలి కడ్డీని పగులగొట్టి పిల్లల చేతికీయవలదని మాత్రము తల్లిదండ్రులకు నా మనవి. అందు సగమునకు పైగా సీసమే యున్నది.